పేరు చెప్పని గొంతు



ఆకాశవాణి వినువారికి మనిషి కనిపించడు. మాట మాత్రమే వినిపించును. పాట పాడిన వారి పేరు చెప్పుదురు. నాటకము వ్రాసిన వారి పేరు చెప్పుదురు. వార్తలు చదువువారు తమ పేరు తామే చెప్పుకొందురు. కాని తెల్లవారుజామున కేంద్రము మేలుకొన్నది మొదలు రాత్రి నిద్రించు వరకు, ఒక కార్యక్రమమునుండి మరియొక కార్యక్రమమునకు శ్రోతను చేయి పట్టుకొని నడిపించు అనౌన్సరుకు మాత్రము చిరకాలము పేరు లేదు. అది ఒక కట్టుబాటు. ఎఫ్.ఎం. ప్రసారములు వచ్చిన తరువాత ఆ కట్టుబాటు సడలినది. కాని అంతకుముందు ముప్పది నలువది ఏండ్లు పనిచేసి, ఒక్కనాడైనను తన పేరు తాను మైకులో పలుకకుండ విశ్రాంతి తీసికొన్నవారు మనలో ఎందరో ఉన్నారు.

అట్టివారిలో ఒకరిని గురించి ఈ పది నిమిషములు మాటలాడదలచినాను. ఆయన నాకు పని నేర్పినారు. మొన్న కార్తీకమాసములో తన స్వగ్రామమున కన్నుమూసినారు. ఆయన పేరు చెప్పను. దాపరికము వలన కాదు. జీవితమంతయు ఆయన పాటించిన నియమమును, మాటలాడలేని స్థితిలో ఆయన ఉన్నపుడు నేను తప్పించుట న్యాయము కాదని మాత్రమే. మేమందరము ఆయనను మాస్టారు అని పిలిచెడివారము. ఈ ప్రసంగములోను ఆ పేరే చాలును.

తెలుగు ప్రసారములకు ఒక వంశవృక్షము ఉన్నది. 1938 జూన్ 16న మదరాసు కేంద్రము ఆరంభమైనది. తెలుగు మాట ఆకాశమున కెక్కినది ప్రధానముగా అక్కడినుండియే. ఇటు హైదరాబాదులో నిజాము ప్రభుత్వపు దక్కను రేడియో 1935 నుండి పలుకుచుండెను. 1950లో అది ఆకాశవాణిలో కలిసినది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసినది. బుచ్చిబాబు గారు, బాలాంత్రపు రజనీకాంతరావు గారు, దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు, స్థానం నరసింహారావు గారు, పిల్లలకు రేడియో అన్నయ్యయైన న్యాయపతి రాఘవరావు గారు, ఇట్టి మహనీయులు ఆ వృక్షమునకు పెద్ద కొమ్మలు. వారి పేర్లు లోకమునకు తెలియును. కాని కొమ్మలకు నీరందించు సన్నని వేళ్ళు వేరుగ ఉన్నవి. రికార్డు సరిగా తిరుగుచున్నదా, గడియారము సరిగా నడచుచున్నదా, పల్లెటూరినుండి వచ్చిన హరికథా భాగవతారుకు మంచినీళ్ళు ఇచ్చినారా అని చూచుకొన్నవారు ఆ వేళ్ళు. మాస్టారు అట్టి వేరు.

నేను విశ్వవిద్యాలయములో పట్టము పుచ్చుకొని కొలువులో చేరునాటికి ఆయన పదవీ విరమణకు నాలుగేండ్ల వ్యవధి ఉన్నది. కొత్తగా చేరినవారిని వెంటనే మైకు ముందు కూర్చుండబెట్టుట ఆయన పద్ధతి కాదు. మొదటి మూడు నెలలు నాకు టేపుల గదిలోనే ఉద్యోగము. ఆనాటికి మా కేంద్రమున కంప్యూటరు ఒక మూలకు వచ్చి కూర్చున్నది గాని, పని యంతయు ఇంకను స్పూలు టేపులమీదనే జరుగుచుండెను.

ఆ టేపును గురించి నేటి యువకులకు కొంచెము చెప్పవలెను. మేము ధ్వనిముద్రణ చేయునపుడు టేపు సెకనుకు ఏడున్నర అంగుళముల వేగముతో నడచును. 1200 అడుగుల చుట్ట ఒకటి 32 నిమిషములు వచ్చును. అక్కరలేని భాగమును తీసివేయవలెనన్న, చుట్టలను రెండు చేతులతో ముందుకు వెనుకకు త్రిప్పుచు, మాట ఎక్కడ మొదలగుచున్నదో చెవితో పట్టుకొని, అక్కడ పసుపుపచ్చని పెన్సిలుతో గుర్తు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, రెండు కొసలను అంటుపట్టీతో అతికింపవలెను. నిలువుగా కోసిన అతుకు దగ్గర టక్కుమని వినిపించును. ఏటవాలుగా కోసిన వినిపింపదు.

మాస్టారు నాకు మొదట నేర్పినది మాట కాదు, నిశ్శబ్దము. టేపును బల్లమీద పరచి, బొటనవ్రేలినుండి చిటికెనవ్రేలి వరకు జానెడు కొలిచి చూపించి, "ఇదిగో అమ్మాయీ, ఇది సెకనుకు కొంచెం ఎక్కువ. ఒక మనిషి ఒక సంగతి చెప్పి, రెండో సంగతి తలుచుకోడానికి పట్టే కాలం. దీన్ని చూస్తే ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ కాదు," అన్నారు. నిశ్శబ్దమును చేతితో తాకి కొలువవచ్చునని నాకు అంతకుముందు తెలియదు. నేడు కంప్యూటరు తెరమీద ధ్వని ఒక గీతగా కనిపించును. ఒక మీట నొక్కిన చాలును, ఎంత భాగమైనను మాయమగును. అయినను నేటికిని నేను ఒక విరామమును తీసివేయబోవునపుడు నా చేయి తనంతట తాను జానెడు కొలుచును.

ఆ పాఠము ఎంత దూరము పోవునో తరువాత తెలిసినది. వ్యవసాయ కార్యక్రమమునకు ఒక వృద్ధ రైతును తీసికొనివచ్చి మాటలాడించినారు. ఆయన మెట్టభూమిలో నీటి పొదుపును గురించి చెప్పవలసి యుండెను. ప్రతి వాక్యమునకు ముందు కొంతసేపు ఆగెడివారు. "ఆఁ" అని దీర్ఘము తీసెడివారు. ఒక యువ సహోద్యోగి ఎంతో శ్రద్ధతో ఆ విరామములన్నిటిని కోసివేసి, పదునాలుగు నిమిషముల సంభాషణను తొమ్మిది నిమిషములకు కుదించినాడు. వినుటకు చురుకుగానే ఉన్నది. మాస్టారు పూర్తిగా విన్నారు. కోపపడలేదు. నేలమీది బుట్టలోనుండి కోసివేసిన ముక్కలను ఏరి, ఒక్కొక్కదానిని మిషనుమీద పెట్టి వినుచు, వాటిలో కొన్నింటిని మరల వాటి చోట్లలో అతికించినారు. ఆ పనికి రెండు గంటలు పట్టినది. చివరకు ఒక్కమాట అన్నారు: "నాయనా, నువ్వు ఆయన తడబాటు తీశాననుకున్నావు. ఆయన ఆలోచించిన చప్పుడు తీసేశావు. ఆ చప్పుడు లేకపోతే ఇది రైతు మాట కాదు, కరపత్రం."

ఆ కార్యక్రమము పన్నెండు నిమిషములుగా ప్రసారమైనది. ఆ సహోద్యోగి నేడు మరియొక కేంద్రములో పెద్ద పదవిలో ఉన్నాడు. ఆ రెండు గంటల కథను తన దగ్గరకు వచ్చిన ప్రతి కొత్తవారికిని తానే చెప్పుచుండును.

మాస్టారు బల్లసొరుగులో అట్టలు ఊడిన ఒక పెద్ద నోటుపుస్తకము ఉండెడిది. అది ఊళ్ళ పేర్ల పుస్తకము. వార్తలు, ప్రకటనలు అనేకము ఇంగ్లీషు లిపిలో మాకు చేరును. ఆ లిపిలో ట, త అను భేదము లేదు. డ, ద అను భేదము లేదు. ల, ళ అను భేదము లేదు. హ్రస్వమేదో దీర్ఘమేదో తెలియదు. పాడేరును పదేరు అని చదువుటకు అడ్డు చెప్పునది ఆ అక్షరములలో ఏదియు లేదు. కనుక సందేహము కలిగిన ప్రతి ఊరి పేరును మాస్టారు ఆ ఊరి పోస్టాఫీసుకో, అచ్చటి బడి పంతులుగారికో టెలిఫోను చేసి, వారి నోటినుండియే విని, తెలుగులో వ్రాసికొనెడివారు. అంత శ్రమ ఎందుకని ఒకరు అడిగినారు. "ఆ ఊరివాళ్ళకి సంవత్సరానికి ఒక్కసారి వాళ్ళ ఊరి పేరు రేడియోలో వినిపిస్తుంది. ఆ ఒక్కసారి తప్పు చదివితే, మనం చెప్పే మిగతా సంగతులు మాత్రం ఎందుకు నమ్మాలి?" అన్నారు. శ్రోత విశ్వాసము పెద్ద పెద్ద సంగతులలో నిలుచునని మనము అనుకొందుము. ఒక దీర్ఘము దగ్గర అది నిలుచునని, అక్కడనే కూలునని ఆయన అభిప్రాయము.

ఆ అభిప్రాయము ఆయనకు ఊరకే కలుగలేదు. దాని వెనుక ఒక గాయము ఉన్నది. ఆ సంగతి ఆయన అందరితో చెప్పెడివారు కారు. నాతో ఒకే ఒకమారు, ఒక రాత్రి పనిలో ఉన్నపుడు చెప్పినారు.

1977 నవంబరు 19న వచ్చిన తుపాను, దానితో వచ్చిన ఉప్పెన తెలుగువారు మరువగలది కాదు. కృష్ణా మండలపు దివిసీమలోను, చుట్టుపట్ల తీరమునందును సముద్రము ఊళ్ళమీదికి నడచి వచ్చినది. కొన్ని చోట్ల అల అయిదు మీటర్ల ఎత్తు లేచినది. మరణించినవారు పదివేలమందికి తక్కువ కాదు. అప్పటికి మాస్టారు కొలువులో చేరి అయిదేండ్లు. నీళ్ళు తీసిన తరువాత ధ్వనిముద్రణ యంత్రమును భుజమున వేసికొని ఆ ప్రాంతమునకు వెళ్ళినవారిలో ఆయన ఒకరు. అక్కడ ఒక ముసలమ్మ ఆయన చేతిలోని మైకు చూచి, రేడియోవారని తెలిసికొని, ఏడువక, నిందింపక ఇట్లన్నదట: "గాలి వస్తుందని విన్నాం బాబూ. తలుపులు బిగించుకుని లోపలే కూర్చున్నాం. నీళ్ళు వస్తాయని మాకు తెలియలేదు."

తలుపులు బిగించుకొని లోపలనే కూర్చున్నాము అన్న ఆ మాట ఆయనను బ్రతుకంత కాలము వదలలేదు. గాలికి చేయవలసిన పని ఒకటి, నీటికి చేయవలసిన పని వేరొకటి. గాలి వచ్చినపుడు ఇంటిలో ఉండవలెను; నీరు వచ్చునపుడు ఇల్లు విడువవలెను. హెచ్చరిక చెవిని పడుట వేరు, కాళ్ళకు అందుట వేరు. ఆ ముసలమ్మ చెవికి మాట చేరినది, కాళ్ళకు చేరలేదు. ఈ తేడా గ్రహించిన పిమ్మట మాస్టారు ఆ నోటుపుస్తకమును తలక్రిందులుగా త్రిప్పి, వెనుక వైపునుండి మరియొక పట్టిక ఆరంభించినారు. ఒక ప్రక్క అంకెలు, ఇంకొక ప్రక్క ఆ అంకెకు పల్లెలో ఉన్న పోలిక. మూడు మీటర్ల నీరు అనిన, రెండు నిలువుల నీరు. గంటకు ఇన్ని కిలోమీటర్ల గాలి అనిన, రేకులు లేచు గాలి, కొబ్బరిచెట్టు మధ్యకు విరుగు గాలి. అంకెను తీసివేయలేదు, అంకె ప్రక్కన పోలికను నిలిపినారు. "అంకె అధికారికి. పోలిక అమ్మకి. ఇద్దరూ మన శ్రోతలే," అనెడివారు.

1990 మే 9న అదే కోస్తాను మరల పెద్ద తుపాను తాకినది. ఈమారు లక్షన్నరకు పైగా జనులను ముందుగనే మెరక ప్రాంతములకు తరలించినారు. మృతుల సంఖ్య వేయికి లోపలనే నిలిచినది. అందులకు కారణములు పెక్కు ఉన్నవి. ఉపగ్రహములు, రాడారులు, తుపాను ఆశ్రయములు, అధికారుల శ్రమ, 1977 నేర్పిన భయము, ఇవన్నియు కలిసినవి. ఆ ఘనతలో తనకు పాలున్నదని మాస్టారు ఏనాడును అనలేదు. ఆ రెండు రాత్రులు ఇంటికి పోక, పట్టికను ముందు పెట్టుకొని ప్రకటనలు తిరుగవ్రాసినారని మాత్రము ఆనాడు ఆయనతో పనిచేసినవారు చెప్పుదురు.

ఇంతమాత్రముచేత ఆయనను దేవుని చేయదలచలేదు. ఆయనకు కోపము త్వరగా వచ్చెడిది. గదిలో ఎవరైన గట్టిగా నవ్విన ఆ దినమంతయు మాటలాడెడివారు కారు. సినిమా పాటలమీద ఆయనకుండిన చిన్నచూపు న్యాయమైనది కాదని నా నమ్మకము. ఆ విషయమై ఆయనతో వాదించితిని కూడ. కాని తనకు తెలియనిది నేర్చుకొనుటలో ఆయనకు అహంకారము లేదు. కంప్యూటరు ఎడిటింగు తప్పనిసరియైనపుడు ఆయనకు యేబదియెనిమిదేండ్లు. ఇరువది మూడేండ్ల కుర్రవాడొకడు ఆ విద్య నేర్పుటకు వచ్చినాడు. మాస్టారు ప్రతి సాయంకాలము పని ముగించుకొని ఆ అబ్బాయి ప్రక్కన స్టూలు వేసికొని కూర్చుండి, ప్రశ్నలు వ్రాసికొని వచ్చి అడిగెడివారు. నేర్చిన నాడు అతనికి పంచెల చాపు పెట్టి, "గురువుగారూ" అని నమస్కరించినారు. ఆ కుర్రవాడు సిగ్గుతో గది వదలి పారిపోయినాడు. గురువు కాదగినవాడు ముందు శిష్యుడు కాగలిగియుండవలెనని గ్రంథములలో చదివితిమి. కంటితో చూచినది ఆనాడే.

రాత్రి చివరి ప్రకటనకు ఆయన ఇచ్చిన విలువ మరి ఎవరును ఇచ్చియుండరు. ప్రసారము ముగియు వేళకు అందరికిని అలసట, ఇంటికి పోవు తొందర. ఆ ప్రకటన రెండు వాక్యములు. ఎవరు చదివినను ఒకటే అనిపించును. కాని చీరాల దగ్గరి ఒక నేతపనివాడు చాలకాలము క్రిందట వ్రాసిన కార్డు ఒకటి మాస్టారు దగ్గర ఉండెడిది. "అయ్యా, రాత్రి మీరు శుభరాత్రి చెప్పిన తరువాతనే నేను మగ్గం గుంటలోనుంచి లేస్తాను. మీరు నిదానంగా చెబితే ఆ రోజు పని బాగా జరిగినట్టు ఉంటుంది" అని అందులో ఉన్నది. ఆ కార్డు మాస్టారు నాకు చూపించి, "ఈయన ఇంకా నేస్తున్నాడో లేదో తెలియదు. నేస్తున్నాడనే అనుకుని చదవాలి," అన్నారు. కనబడని వేలాది జనులకు మాటలాడుట అసాధ్యము. కనబడని ఒక్కనికి మాటలాడుట సాధ్యమే. ప్రసార విద్య యంతయు ఆ ఒక్క కార్డులో ఉన్నదని నాకు తోచును.

పదవీ విరమణానంతరము ఆయన స్వగ్రామము చేరినారు. ఉదయము, రాత్రి రేడియో వినుట మాత్రము మానలేదు. పదునైదు దినములకో నెలకో మాలో ఎవరికో ఒకరికి పోస్టుకార్డు వచ్చెడిది. పొగడ్త ఒక వాక్యము, దిద్దుబాటు మూడు వాక్యములు. అది ఆయన లెక్క. నాకు వచ్చిన చివరి కార్డులో మాత్రము దిద్దుబాటు లేదు. "నిన్న రాత్రి ఆఖరి ప్రకటన విన్నాను. తొందర లేదు. సంతోషం." అంతియే. ఆ కార్డు చేరిన మూడు వారములకు ఆయన మరణవార్త చేరినది.

వార్త తెలిసిన మరునాడు మేము కొందరము ఆయన గొంతు వినవలెనని ధ్వనిభాండారములో వెదకితిమి. నాలుగు దినములు వెదకితిమి. ఆయన ముద్రించిన గొంతులు వందలు దొరకినవి. బుర్రకథకులు, సవరపాటలు పాడు స్త్రీలు, నాదస్వర విద్వాంసులు, పురోహితులు, పడవ నడపువారు, స్వాతంత్ర్యోద్యమమున చెరసాలకు పోయిన వృద్ధులు, అందరును ఉన్నారు. ఆయన లేరు. అనౌన్సరు ప్రకటన అప్పటికప్పుడు గాలిలో కలిసిపోవునది. దానిని ఎవరు ముద్రింతురు? టేపులకు కొరత యున్న ఆ రోజులలో ప్రసారమైన కార్యక్రమమునే చెరిపి అదే టేపుమీద మరియొకటి ముద్రించుట వాడుక. అందులోను మాస్టారుకు ఒక నియమముండెను. చెరుపవలసిన టేపును చెరుపుటకు ముందు మొదటినుండి తుదివరకు ఒకమారు వినెడివారు. "పోయేవాళ్ళని గుమ్మందాకా సాగనంపాలి" అనెడివారు. అట్లు వినునపుడు చెరుపుటకు మనసొప్పక ఆయన దాచినవే నేడు మా భాండారములో ఉన్న జానపద గీతములలో పెక్కు.

చివరకు ఒక టేపు మొదట ఆయన గొంతు దొరకినది. పాట ఆరంభమగుటకు ముందు పాడువారి పేరు, ఊరి పేరు, తేది చెప్పినారు. ప్రసారమునకు కాదు; గుర్తుకొరకు. ఏడు సెకనులు. టేపుమీద కొలిచిన ఏబదిరెండున్నర అంగుళములు. ముప్పదియైదేండ్లు ప్రతిదినము వేలాది ఇండ్లలో పలికిన గొంతునకు లోకమున మిగిలినది అంతమాత్రమే. అందులోను ఆయన పలికిన పేరు ఇంకొకరిది.

మొదట ఇది గొప్ప అన్యాయమనిపించినది. ఇప్పుడును కొంత అనిపించును. ఇతరుల గొంతులు నిలిపినవాని గొంతును నిలుపుట మనకెవ్వరికిని తోచలేదే! కాని తరువాత ఒక సంగతి గమనించితిని. మా కేంద్రములో నిన్న మొన్న చేరిన అమ్మాయి, మాస్టారును ఎన్నడును చూడనిది, ఒక ఊరి పేరు దగ్గర సందేహము కలిగి, ఎవరును చెప్పకుండగనే ఆ ఊరి బడికి టెలిఫోను చేసినది. ఎవరు నేర్పినారని అడిగితిని. "ఇక్కడ అందరూ అలాగే చేస్తారు కదండీ," అన్నది. ఒక మనిషి అలవాటు ఒక సంస్థకు అలవాటుగా మారినపుడు, దానికి పేరు ఉండదు. అది ఆయన కోరిన పద్ధతియే.

శ్రోతలారా, మీరు పనిచేయుచోట, కార్యాలయములో గాని, కార్ఖానాలో గాని, బడిలో గాని, మగ్గము దగ్గర గాని, మీకు పని నేర్పినవారు ఒకరుందురు. వారు ఇంకను సజీవులై యున్నచో, వారిచేత రెండు మాటలు పలికించి దాచుడు. నేడు ప్రతివాని జేబులోను ధ్వనిముద్రణ యంత్రమున్నది. టేపు కొరత యను సాకు లేదు. వారు పలుకునపుడు నడుమ ఆగుదురు, తలచుకొందురు, దీర్ఘము తీయుదురు. ఆ విరామములను కోసివేయకుడు. వారు లేనిచో, వారు మీకు నేర్పిన పనిని ఒక్కరికైనను నేర్పుడు. నేర్పునపుడు వారి పేరు చెప్పినను సరియే, చెప్పకున్నను సరియే. పని మాత్రము వారు చేసినట్లే జరుగవలెను.

సెలవు.